అడివి బాపిరాజు: స్నేహం తెలిసిన ప్రేమ కథకుడు

ప్రేమ నవల అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లకి అంత మంచి అభిప్రాయం ఉండదు. పిల్లల చేతిలో కనబడితే చదువు పాడవుతుందని లాక్కుంటారు. కానీ తెలుగులో పేరున్న ప్రేమ కథలు రాసిన ఒకాయన బందరులో ఏకంగా కాలేజీ ప్రిన్సిపాల్. ఆయనే అడివి బాపిరాజు.

1895లో భీమవరం ప్రాంతంలో పుట్టారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివేటప్పుడు ఆంగ్లేయుడైన ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఈయనకీ, దామెర్ల రామారావుకీ బొమ్మల పిచ్చి ఎక్కించారు. రామారావు గొప్ప చిత్రకారుడయ్యాడు. కానీ 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచి వచ్చి చనిపోయాడు. బాపిరాజు లా చదివారు గానీ నల్లకోటు ఆయనకి అచ్చిరాలేదు. ఖిలాఫత్, కాంగ్రెస్ కలిసి నడిచిన సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకి కూడా వెళ్లారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలీ గురువు ప్రమోద కుమార్ చటర్జీ దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నారు. తర్వాత అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యి, 1939 దాకా ఉన్నారు.

1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో ఈయన ‘నారాయణరావు’కీ, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’కీ బహుమతి చెరిసగం వచ్చింది. విశ్వనాథ కూడా ఆ బందరు కళాశాలలో పాఠాలు చెప్పినవారే! ‘నారాయణరావు’ కథ చూడండి. ఒక జమీందారు రైల్లో కుర్రాణ్ణి చూసి ముచ్చటపడి కూతురు శారదనిస్తాడు. పెళ్లయితే అయింది గానీ ఆ పిల్ల మనసు భర్త మీద లేదు. అతను మొగుణ్ణి కదా అని దబాయించడు, ఎదురు చూస్తాడు. ఆ బాధంతా లోపలే పెట్టుకుంటాడు. అతన్ని నిలబెట్టేది చుట్టూ ఉన్న స్నేహితులు. నిఖా అయిపోయింది కాబట్టి ప్రేమ కూడా వచ్చేసినట్టే అనుకునే మన ఇళ్లలో ఇది చదవాల్సిన కథ. చెట్టంత స్నేహితుణ్ణి పోగొట్టుకున్న మనిషి కాబట్టే స్నేహం విలువ అంత బాగా పట్టుకున్నారని నాకనిపిస్తుంది.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. 1944లో బాపిరాజు హైదరాబాదు వెళ్లి ‘మీజాన్’ తెలుగు పత్రికకి సంపాదకుడయ్యారు. పత్రిక యజమాని ముస్లిం, గులాం మహమ్మద్ కలకత్తావాలా. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడింట్లోనూ మీజాన్ వచ్చేది. మీజాన్ అంటే త్రాసు అని మనకి వేరే చెప్పక్కర్లేదు. నిజాం రాజ్యంలో రెండు మతాల మధ్య రోజురోజుకీ అనుమానం పెరుగుతున్న కాలం అది. అలాంటప్పుడు కోస్తా నుంచి వెళ్లిన హిందూ రచయిత ముస్లిం యజమాని పత్రికలో 1947 దాకా పనిచేశారు. రాజకీయాల సంగతి ఎలా ఉన్నా, ఉర్దూ పక్కనే తెలుగు అచ్చయిన ఆ రోజులు మన భాషలు రెంటికీ చెందినవి.

కాకతీయుల కాలం మీద ‘గోన గన్నారెడ్డి’, శాతవాహనుల కాలం మీద ‘హిమబిందు’ కూడా ఈయనవే. వాటిలోనూ కత్తుల మధ్య ప్రేమే నడుస్తుంది. సినిమాలకి కళా దర్శకత్వం చేశారు, పాటలు రాశారు, పాడారు. 1952లో 56 ఏళ్లకే కన్నుమూశారు. మీ ఊరి లైబ్రరీలో ‘నారాయణరావు’ దొరికితే ఇంటికి తెచ్చుకోండి. పిల్లల కంటే ముందు అమ్మీ, అబ్బా చదివినా తప్పు లేదు.