పేగు జబ్బు నుంచి కోలుకుని.. దానికే మందు తెచ్చారు!

నెలల తరబడి విరేచనాలు. తిన్నది ఒంటికి పట్టదు. నోరంతా పూసి, మెతుకు తగిలినా మంట. రక్తం తగ్గిపోయి మనిషి ఎముకల గూడులా తయారవుతాడు. ఈ జబ్బును ట్రాపికల్‌ స్ప్రూ అంటాం. చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని, ఆహారంలోని పోషకాలను పీల్చుకోలేకపోవటం వల్ల వచ్చే అవస్థ ఇది. వందేళ్ల కిందట దీనికి సరైన మందే లేదు. భీమవరానికి చెందిన ఒక కుటుంబంలో కొద్దిరోజుల తేడాతోనే ఇద్దరు అన్నదమ్ములను ఇది పొట్టన పెట్టుకుంది. మరో సోదరుడినీ మంచాన పడేసింది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావుకు చదువు సులువుగా అబ్బలేదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్‌ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక ఖద్దరు గౌనుతో ఆపరేషన్‌ థియేటర్‌కు వెళ్లటం ఇంగ్లిషు ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఎంబీబీఎస్‌కు బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్‌ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

స్ప్రూ బారిన పడిన ఆయనకు వైద్యం చేసింది డాక్టర్‌ ఆచంట లక్ష్మీపతి. ఆయుర్వేద చికిత్సతో సుబ్బారావు గండం గడిచి బయటపడ్డారు. లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు కూడా. ప్రాణం దక్కినా, అన్నదమ్ములను మింగిన జబ్బు గుట్టు తేల్చాలన్న పట్టుదల ఆయన్ను వదల్లేదు.

మామగారి సాయంతో అమెరికా చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. అక్కడా ఎల్‌ఎంఎస్‌ పట్టా అడ్డొచ్చింది. డాక్టరుగా కొలువు దొరకలేదు. పొట్ట గడవటానికి బోస్టన్‌లోని పీటర్‌ బెంట్‌ బ్రిగ్‌హామ్‌ ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరారు. రోగుల బెడ్‌ప్యాన్లు ఎత్తి, శుభ్రం చేయటం ఆ పనిలో భాగం. డాక్టరు చదువు చదివిన మనిషి ఆ పనికి చిన్నబుచ్చుకోలేదు. చదువూ ఆపలేదు.

కోర్సు పూర్తయ్యాక హార్వర్డ్‌లోనే సైరస్‌ ఫిస్కే దగ్గర పరిశోధనకు దిగారు. రక్తం, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే వీరిద్దరి పద్ధతి 1925లో వెలువడింది. వైద్య విద్యార్థులు దాన్ని నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే చదువుకుంటారు. 1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలకు మారారు. ఆయన బృందం 1945లో ఫోలిక్‌ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే పూసిన నోరు మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందూ అక్కడిదే. టెట్రాసైక్లిన్‌ రకం మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ కూడా 1948లో అక్కడి నుంచే వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు.

ఇప్పటికీ ట్రాపికల్‌ స్ప్రూకు మేం రాసే ప్రధాన మందులు రెండే. ఒకటి ఫోలిక్‌ యాసిడ్‌. రెండోది టెట్రాసైక్లిన్‌ రకం యాంటీబయోటిక్‌. రెండూ ఆయన సారథ్యం వహించిన ప్రయోగశాల చలవే!

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త. ఫోలిక్‌ యాసిడ్‌ మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఆకలి తిరిగొస్తుంది. పేగు పొర కుదురుకోవటానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే చికిత్స సాధారణంగా 3 నుంచి 6 నెలలు సాగుతుంది. హుషారు రాగానే మాత్రలు పక్కన పడేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. మందుల దుకాణంలో ఫోలిక్‌ యాసిడ్‌ సొంతంగా కొని మింగటమూ మంచిది కాదు. బి12 లోపం కూడా ఉంటే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది గానీ లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

సెలవుల్లో పనికి కుదిరే కాలేజీ పిల్లలకూ ఇది వర్తిస్తుంది. జబ్బు తగ్గటం వేరు, కోలుకోవటం వేరు. టైఫాయిడ్‌, కామెర్ల వంటివి తగ్గీ తగ్గక ముందే రాత్రి షిఫ్టులకు వెళ్లొద్దు. తప్పనిసరైతే డాక్టరును అడిగి, తేలిక పనితో మొదలుపెట్టండి. వేళకు తినండి, పగలైనా కంటినిండా నిద్రపోండి. విరేచనాలు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోండి. సుబ్బారావు అన్నదమ్ములకు లేని మందు మనకుంది. దాన్ని పూర్తిగా వాడుకుందాం.