నిలిచిన జపమాల

శ్రీకూర్మనాథుని ఆలయమునకు పోయినవారు స్వామిని దర్శించి, శ్వేతపుష్కరిణిని చూచి మరలుదురు. అచ్చటి శాసనములను చదువువారు కొందఱే. వానిలో 1281 నాటిదొకటి, మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులు ఆ క్షేత్రమున యోగానంద నరసింహునకు గుడి కట్టించిన సంగతిని తెలుపును. ఆ యతి పేరు చూచినప్పుడెల్ల, ఆ గురుపరంపరయందే తరువాతి కాలమున వెలసిన రాఘవేంద్రస్వామివారు నాకు స్మరణకు వత్తురు. మృత్యువు విషయమున వారు చూపిన ధైర్యము తలచుకొనదగినది.

స్వామివారి పూర్వాశ్రమ నామము వేంకటనాథుడు. తిమ్మణ్ణభట్టు, గోపికాంబలకు తమిళదేశమందలి భువనగిరిలో జన్మించిరి. కుంభకోణమున సుధీంద్రతీర్థుల సన్నిధిని శాస్త్రములభ్యసించిరి. విద్య అబ్బినది గాని ధనము చేకూరలేదు. ఇంట పస్తులుండిన దినములు పెక్కు. గురువు పీఠమును స్వీకరింపుమన్నప్పుడు భార్య సరస్వతిని, పసివాడైన లక్ష్మీనారాయణుని విడువలేక మొదట అంగీకరింపలేదు. తుదకు 1621లో తంజావూరున సన్న్యసించిరి. పిమ్మట అర్ధశతాబ్దము దేశాటనము చేయుచు, పాఠములు చెప్పుచు, న్యాయసుధకు పరిమళమను వ్యాఖ్యను రచించిరి. ఆదవాని నవాబు సిద్ది మసూద్ ఖాను తుంగభద్రాతీరమందలి మంచాలె గ్రామమును వారికి సమర్పించెనందురు. అదియే నేటి మంత్రాలయము.

1671 శ్రావణ బహుళ విదియనాడు స్వామివారు అచ్చట సజీవులై బృందావనమున ప్రవేశించిరని సంప్రదాయము. యతులను దహింపక భూస్థాపనము చేయుట మన ఆచారమే. కాని కూర్చుండి జపించుచున్న గురువు చుట్టును శిలలు పేర్చుట యే శిష్యునకు సులభము? అందువలన స్వామివారు ఒక గుఱుతును నియమించిరందురు. చేతిలోని జపమాల కదలుచున్నంతవఱకు వేచియుండవలెను. అది నిలిచిన పిదపనే శిలలు పేర్చి, 1200 సాలగ్రామములుగల రాగిపెట్టెను పైన ఉంచి మూయవలెను.

ప్రాణము పోకమునుపే పూడ్చిపెట్టుదురేమోయను భయము పాశ్చాత్యదేశములను చిరకాలము పీడించినది. 1799లో జార్జి వాషింగ్టను మరణశయ్యపై నుండి, తన దేహమును మూడు దినములు గడువక సమాధిలో ఉంచవలదని కోరెను. జర్మనీలో శవములను కొన్నాళ్లు ప్రత్యేకశాలలలో ఉంచి, వ్రేళ్లకు గంటల త్రాళ్లు కట్టిరి. 1897లో కార్నిచ్కీ యను ప్రభువు వేఱొక యంత్రమును కల్పించెను: శవము ఱొమ్ముపైనుండు గోళము కదలినచో సమాధిలోనికి గాలి ప్రవేశించును, పైన జెండా లేచును, గంట మ్రోగును. అచ్చట చలనము మూత తెఱువుమను గుఱుతు. మంచాలెలో నిశ్చలత్వము మూత వేయుమను గుఱుతు. వారు యంత్రమును నమ్ముకొనిరి. స్వామివారు శిష్యుల కన్నులను నమ్మిరి.

ఆనాడు ప్రియశిష్యుడైన అప్పణ్ణాచార్యులు దగ్గఱ లేడు. వార్త విని, గురుస్తోత్రమును ఆశువుగా పఠించుచు, వరదలోనున్న తుంగభద్రను దాటి పరుగున వచ్చెను. అప్పటికే కడపటి శిల పడినది. దుఃఖముచే గొంతు పూడి, స్తోత్రము తుదిపాదము నడుమ ఆగిపోయెను. మిగిలిన ఏడక్షరములు బృందావనము లోపలినుండి వినవచ్చెనని భక్తుల విశ్వాసము.

మూసిన సమాధినుండి వెలువడు స్వరము అన్యదేశములవారికి భయంకర స్వప్నము. ఆలస్యముగా వచ్చిన ఆ శిష్యునకు మాత్రము, గురువు తనను విడువలేదను ఊఱట అదియే.