కవివైద్యుడు యుస్టీనుస్ కెర్నర్

మన తీర్థమలై పరిసర గ్రామములలో మాంసము మిగిలినచో దానిని సన్నని కండలుగా కోసి, ఉప్పును పసుపును పట్టించి, త్రాట గ్రుచ్చి ఎండకట్టుట కలదు. ఉప్పుకండము అను పేరు విననివారు మనలో నుండరు. బాగుగా ఎండి ఉప్పుపట్టిన కండలో తేమ చాలదు గనుక, క్రుళ్ళు పుట్టించు సూక్ష్మజీవులు అందు పెరుగజాలవు. ఎండ కరవైన చలిదేశములవారు వేరొక త్రోవ వెదకుకొనిరి. ఆ త్రోవలో పొంచియున్న మృత్యువును తేటగా వర్ణించిన వైద్యుని చరిత్రను మా చదువరులకు చెప్పదలచితిమి.

జర్మనీ దేశపు నైరుతి భాగమున వుర్టెంబెర్గ్ అను సీమ కలదు. అందలి లుడ్విగ్స్‌బుర్గ్ పట్టణమున 1786వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన కెర్నర్ జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆయన 1799లో గతించుటచే బాలుడు కొంతకాలము బట్టల కర్మాగారమున పని నేర్వవలసివచ్చెను. 1804లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేరెను. చదువుకొనుచునే కవిత్వము వ్రాసెను. జర్మను ప్రజలు నేటికిని ఆయనను కవిగానే ఎక్కువగా ఎరుగుదురు. 1840లో షూమన్ అను సంగీతజ్ఞుడు ఆయన గేయములు పండ్రెండింటికి స్వరములు కూర్చెను. అట్టి కవి పాడైన మాంసమును గూర్చి రెండు గ్రంథములు వ్రాసెననిన వింతగానే తోచును.

ఆ సీమలో పందిని కోసినప్పుడు మాంసమును, నెత్తురును, కొవ్వును కలిపి దాని ప్రేవులలోను జీర్ణకోశములోను కూరి, ఉడికించి, పొగ పట్టించి నిలువచేయుదురు. దీనినే సాసేజి అందురు. 1793లో విల్డ్‌బాడ్ అను ఊర ఇట్టిదానిని తిని 13 మంది జబ్బుపడగా ఆరుగురు మరణించిరి. 1802లో ప్రభుత్వము ప్రజలను హెచ్చరించెను. అయినను ఈ మరణములు ఆగలేదు. అవి యుద్ధముల దినములు, పేదరికము మెండు. నెలల తరబడి దాచుకొన్న మాంసమును పారవేయుటకు ఏ తల్లికి మనసొప్పును?

కెర్నర్ ప్రభుత్వ వైద్యుడై పల్లెలు తిరుగుచు ఈ రోగులను స్వయముగా చూచెను. 1819 మొదలు వైన్స్‌బెర్గ్ పట్టణమున స్థిరపడి, 1820లో 76 మంది రోగుల వృత్తాంతమును, 1822లో 155 మంది వృత్తాంతమును ప్రకటించెను. నోరు ఎండిపోవును, కనురెప్పలు వాలిపోవును, ఒకటి రెండుగా కనబడును, మ్రింగుడు పడదు, కడపట ఊపిరి ఆగును. జ్వరముండదు, తెలివి మాత్రము తుదివరకు చెడదు. పాడైన సాసేజిలనుండి విషమును తీసి జంతువులపై పరీక్షించెను. అంతటితో తనియక కొన్ని చుక్కలు తానే నోట వేసికొనెను! ఆయన నోరును గొంతును ఎండిపోయెను. మా విద్యార్థులెవ్వరును ఇట్టి సాహసమునకు పూనుకొనరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

గాలి సోకని చోటనే ఆ విషము పుట్టుచున్నదనియు, అది నరములను పట్టుచున్నదనియు ఆయన గ్రహించెను. లావైన సాసేజి లోపలికి గాలి చొరదు గదా! బాగుగా ఉడికింపుడనియు, గాలి తగులునట్లు దాచుడనియు, చెడినదానిని పారవేయుడనియు ఆయన బోధించెను. అయితే విషమును చేయుచున్నదెవరో ఆయనకు తెలియదు. 1895లో బెల్జియము దేశపు ఎల్జెల్ గ్రామమున అంత్యక్రియలకు వచ్చిన వాద్యగాండ్రు ఉప్పువేసి పొగపట్టిన పందితొడ మాంసము తిని జబ్బుపడిరి. వారిలో ముగ్గురు చనిపోయిరి. ఆ మాంసమునుండి వాన్ ఎర్మెంగెమ్ అను శాస్త్రజ్ఞుడు ఒక సూక్ష్మజీవిని వేరుపరచెను. సాసేజికి లాటిను భాషలో గల పేరునుబట్టి ఆ వ్యాధికి బొట్యులిజము అని పేరు.

నేడు మన పట్టణపు అంగళ్ళలోను సాసేజిలు, డబ్బా మాంసము దొరకుచున్నవి. జిగట, పులిసిన వాసన, పచ్చని వన్నె కనబడినచో మాంసము చెడినదని ఎవరైనను ఎరుగుదురు. కాని ఈ విషమునకు వాసన గాని రుచి గాని లేదు. అందుచే ముక్కును మాత్రమే నమ్మరాదు. డబ్బా ఉబ్బినను, తెరచునప్పుడు లోపలినుండి చిమ్మినను, రుచి చూడక పారవేయవలెను. విప్పిన మాంసమును 5 డిగ్రీలకు మించని చలిలో ఉంచి, మూడు నాలుగు దినములలో ముగింపవలెను. మన యూళ్ళ కరెంటు పోవుచు వచ్చుచుండును గనుక ఫ్రిజ్‌ను గ్రుడ్డిగా నమ్మరాదని మా అభిప్రాయము. 85 డిగ్రీల వేడిలో ఐదు నిమిషములు ఉంచినచో ఆ విషము నశించును. కాని ఆ జీవి బీజములు మరుగునీటిని సైతము ఓర్చుకొనును. ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి తగిలిననే అవి చచ్చును. ఇంట సీసాలలో మాంసము మూసి దాచువారికి ముప్పు ఇచ్చటనే ఉన్నది.

కెర్నర్‌కు ముసలితనమున చూపు మందగించెను. 1851లో ఉద్యోగము విడిచెను. 1854లో భార్య గతించెను. 1862వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన వైన్స్‌బెర్గులోనే ఆయన కన్నుమూసెను. ఈ విషమునే అత్యల్పముగా వాడినచో కొన్ని నరముల వ్యాధులకు మందు కాగలదని ఆయన ఊహించి వ్రాసియుండెను. 1989లో అమెరికా ప్రభుత్వము మెల్లకన్నును సరిచేయుటకు దానిని మందుగా అంగీకరించెను.