పామును చూసి వెనక్కి దూకిన డార్విన్

చార్లెస్ డార్విన్ అనగానే మన పిల్లలకు సైన్స్ పుస్తకంలోని పరిణామ సిద్ధాంతం గుర్తొస్తుంది. భయం, కంగారు మనిషికి ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్న మీద కూడా ఆయన ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ ప్రశ్న ఆయన సొంత జీవితంలోనే ఉంది.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. తండ్రి పేరున్న డాక్టర్. వేట, కుక్కలు తప్ప కొడుక్కి దేని మీదా శ్రద్ధ లేదని, ఇంటి పరువు తీస్తాడని ఒకసారి గట్టిగా తిట్టారు కూడా. 16 ఏళ్ల వయసులో మెడిసిన్ చదవమని ఎడిన్‌బరో పంపారు. అప్పటికి మత్తుమందు లేదు. ఒక పిల్లవాడికి ఆపరేషన్ చేస్తుంటే చూడలేక డార్విన్ బయటికి పరుగెత్తారు. రెండేళ్లకే ఆ చదువు ఆగిపోయింది.

1831 డిసెంబర్‌లో బీగిల్ ఓడ ఎక్కారు. బయలుదేరే ముందు ప్లిమత్‌లో ఎదురుచూస్తున్న రోజుల్లో ఆయనకు గుండె దడ, ఛాతీ నొప్పి వచ్చాయి. డాక్టర్‌కి చెబితే ప్రయాణం వద్దంటారని ఎవరికీ చెప్పలేదు. దాదాపు 5 ఏళ్లు ప్రపంచమంతా తిరిగి వచ్చారు.

ఆ తర్వాత జీవితమంతా ఆరోగ్యం ఇబ్బంది పెడుతూనే ఉంది. ఇంటికి అతిథులు వచ్చి కాస్త ఎక్కువసేపు మాట్లాడితే చాలు, వణుకు, వాంతులు. ఆ జబ్బు ఏమిటన్న దాని మీద వైద్యులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. అందులో ఆందోళన పాత్ర ఉందని చాలామంది అంటారు. తన బలహీనత పిల్లలకు కూడా వస్తుందేమోనని ఆయన ఎంతో దిగులుపడేవారు.

1839లో పెద్దకొడుకు విలియం పుట్టాడు. డార్విన్ ఆ బాబు కోపం, నవ్వు, భయం అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. రెండేళ్లు దాటాక జూకి తీసుకెళ్తే, జింకల్ని, పక్షుల్ని చూసి మురిసిపోయిన బాబు బోనుల్లోని పెద్ద జంతువుల్ని చూసి హడలిపోయాడు. ఎవరూ భయపెట్టలేదు, అంతకుముందు ఏ ప్రమాదమూ జరగలేదు. అయితే కొన్ని భయాలు పూర్వీకుల నుంచే వస్తాయేమోనని డార్విన్ అనుకున్నారు.

తన మీదే ఇంకో ప్రయోగం చేసుకున్నారు. లండన్ జూలో విషసర్పం ఉన్న దళసరి అద్దానికి ముఖం ఆనించి, అది కాటేయబోయినా కదలకూడదని గట్టిగా నిశ్చయించుకున్నారు. పాము అద్దాన్ని కొట్టగానే వెనక్కి దూకేశారు. తెలివి, పట్టుదల రెండూ ఆపలేకపోయాయి. మనుషుల హావభావాల గురించి దేశదేశాలకు ప్రశ్నలు పంపారు. కలకత్తా బొటానికల్ గార్డెన్ నుంచి కూడా జవాబులు వచ్చాయి. ఇదంతా 1872లో పుస్తకంగా తెచ్చారు. 1882లో కన్నుమూశారు.

జన్యువుల సంగతి ఆయనకు తెలియదు. ఈరోజు మనకు కొంత తెలుసు. మెదడులోని అమిగ్డాలా అనే చిన్న భాగం, మనం ఆలోచించడం పూర్తికాకముందే ప్రమాద సంకేతం పంపగలదు. అడ్రినలిన్ విడుదలై గుండె దడ పెరుగుతుంది. గాబా అనే రసాయనం మెదడులో ఆ ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. ఈ ఏర్పాటు అందరిలో ఒకేలా ఉండదు. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం ఆందోళన విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో సుమారు 30 నుంచి 50 శాతం జన్యువుల వల్ల వస్తుంది. అదీ ఒక్క జన్యువు వల్ల కాదు, ఎన్నో జన్యువులు తలా కాస్త కలిసి. మిగతాది ఇల్లు, బడి, అనుభవాలు.

అందుకే పరీక్ష రోజు కడుపునొప్పి అనే పిల్లలు నాటకం ఆడుతున్నారని అనుకోకండి. పక్కింటి పిల్లలకు లేని భయం నీకెందుకని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు. భయం ఎప్పుడు, దేన్ని చూసి వస్తోందో డార్విన్‌లాగా గమనించి రాసుకోండి. భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా అలవాటు చేయండి. వారాల తరబడి నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే డాక్టర్‌కి చూపించండి. అలా తీసుకెళ్లేటప్పుడు మీరు ఆ నోట్‌బుక్‌ని కూడా పట్టుకెళ్తే ఆయనకి చాలా ఉపయోగపడుతుంది.