బట్టల కొట్టు నుంచి కాలయంత్రం దాకా

1991లో 'ఆదిత్య 369' సినిమా వచ్చినప్పుడు మన తరం వాళ్లలో చాలామందిమి కాలేజీల్లో ఉన్నాం. కాలంలో వెనక్కీ ముందుకూ తిరిగే ఆ యంత్రం మనకు కొత్త. దానికి ప్రేరణ అయిన 'ది టైమ్ మెషీన్' నవల మాత్రం 96 ఏళ్ల ముందే, 1895లో ఇంగ్లండులో అచ్చయింది. రాసిన హెచ్.జి. వెల్స్‌కు అప్పటికి 28 ఏళ్లు. బడుల్లో చదువుతూ, పాఠాలు చెబుతూ, ఒక హెడ్‌మాస్టరు చలవతో నిలబడ్డ మనిషి ఆయన. అందుకే మన స్వర్ణోత్సవ సంచికకు ఆయన కథ తగినదని తోచింది.

వెల్స్ 1866 సెప్టెంబరు 21న లండన్ దగ్గరి బ్రామ్లీలో పుట్టారు. తండ్రి జోసెఫ్‌కు పింగాణీ సామాన్ల కొట్టు ఉండేది. అది నడిచేది అంతంతమాత్రం. ఆయన మంచి బౌలరు కూడా. 1862లో కెంట్ జట్టు తరఫున వరుసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీశారు. క్రికెట్ మీద వచ్చే నాలుగు డబ్బులూ ఇంటికి ఆసరా. 1877లో ఆయన కాలు విరగడంతో ఆ ఆసరా పోయింది.

అంతకు మూడేళ్ల ముందు కొడుకు కాలు కూడా విరిగింది. మంచం మీద ఉన్న పిల్లవాడికి కాలక్షేపం కోసం తండ్రి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి పెట్టేవారు. చదివే అలవాటు అక్కడ అంటుకుంది. ఆ కాలు విరగడం తన అదృష్టమని వెల్స్ పెద్దయ్యాక కూడా అనుకునేవారు.

తల్లి సారా లెక్క వేరు. కొడుకులు బట్టల కొట్టులో పని నేర్చుకుంటే మర్యాదగా బతుకుతారని ఆమె నమ్మకం. పెద్దవాళ్లిద్దరినీ ఆ పనిలోనే పెట్టింది. 1880లో తాను అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో ఇంటి అజమాయిషీ ఉద్యోగానికి వెళుతూ మూడో కొడుకునూ ఒక కొట్టులో చేర్చింది. అక్కడివాళ్లు పనికిరాడని పంపేశారు. తర్వాత మిడ్‌హర్స్ట్ అనే ఊళ్లో మందుల షాపులో కొన్నాళ్లు గడిచాయి. ఆ పనికి లాటిన్ రావాలి కాబట్టి అక్కడి గ్రామర్ స్కూలు హెడ్‌మాస్టరు హొరేస్ బయట్ దగ్గర పాఠానికి వెళ్లాడు. ఈ కుర్రాడి బుర్ర ఎంత చురుకైనదో బయట్ అప్పుడే కనిపెట్టారు.

1881లో సౌత్‌సీలో మళ్లీ బట్టల కొట్టే. రోజుకు దాదాపు 13 గంటలు నిలబడి తానులు విప్పడం, మడవడం, రాత్రి తోటి పనివాళ్లతో ఒకే హాల్లో పడుకోవడం. ఒప్పందం నాలుగేళ్లు. రెండేళ్లకే ఊపిరాడలేదు. ఒక ఆదివారం తెల్లవారకముందే లేచి, 17 మైళ్లు నడిచి అప్‌పార్క్ చేరి, ఇక ఆ కొట్టుకు వెళ్లనని తల్లికి చెప్పేశాడు. ఆమె కట్టిన డబ్బు పోతుందని తెలుసు. ఆమె ఏడుస్తుందనీ తెలుసు.

అప్పటికే బయట్‌కు ఉత్తరం రాసి ఉన్నాడు. 1883లో ఆయన ఈ కుర్రాణ్ని స్కూల్లో అసిస్టెంటుగా పెట్టుకున్నారు. పగలు చిన్న తరగతులకు చెప్పాలి, సాయంత్రం సైన్సు పరీక్షలకు చదవాలి. విద్యార్థి పాసైన ప్రతి పరీక్షకూ ప్రభుత్వం స్కూలుకు గ్రాంటు ఇచ్చేది కాబట్టి హెడ్‌మాస్టరుకూ ఇందులో లాభముంది. అంతమాత్రాన ఆయన చేసిన మేలు తగ్గదు. ఆ పరీక్షల ఫలితాల మీదే 1884లో లండన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో సీటు, వారానికి 21 షిల్లింగుల స్కాలర్‌షిప్ వచ్చాయి.

మొదటి ఏడాది జీవశాస్త్రం చెప్పింది టి.హెచ్. హక్స్లీ, డార్విన్ సిద్ధాంతానికి పెట్టని కోటగా నిలిచిన శాస్త్రవేత్త. ఆ ఒక్క ఏడాది వెల్స్ ఆలోచననే మార్చేసింది. తర్వాతి గురువుల పాఠాలు రుచించలేదు. చర్చా సభలు, కాలేజీ పత్రిక పెట్టడం, అందులో రాయడం, వీటిలో పడి 1887లో జియాలజీ తప్పారు. డిగ్రీ లేకుండా బయటపడ్డారు.

వేల్స్‌లోని ఒక బడిలో టీచరుగా చేరితే ఫుట్‌బాల్ ఆటలో మూత్రపిండానికి గట్టి దెబ్బ తగిలింది. తర్వాత నోటి వెంట రక్తం పడింది. క్షయ అన్న అనుమానంతో నెలల తరబడి మంచం మీదే ఉన్నారు. కాలంలో ప్రయాణించే మనిషి కథ తొలి రూపం, 'ది క్రానిక్ ఆర్గోనాట్స్', 1888లో ఆ కాలేజీ పత్రికలోనే వచ్చింది. కథ ఆయనకే నచ్చలేదు. మళ్లీ మళ్లీ తిరగరాశారు.

ఈలోగా పొట్ట గడవాలి. లండన్‌లో హెన్లీ హౌస్ స్కూల్లో పాఠాలు చెప్పారు. తర్వాత 'విన్నీ ద పూ' రాసిన ఎ.ఎ. మిల్న్ అక్కడ ఆయన శిష్యుడే. 1890లో బి.ఎస్సీ. పూర్తి చేశారు. కరస్పాండెన్స్ కాలేజీలో ట్యూటరుగా చేరారు, 1893లో జీవశాస్త్ర పాఠ్యపుస్తకం రాశారు. అదే ఏడాది మళ్లీ రక్తం పడడంతో తరగతి గదికి శాశ్వతంగా దూరమయ్యారు. ఇక కలమే దిక్కు. పత్రికలకు సముద్రతీరపు బస లాంటి మామూలు విషయాల మీద సరదా వ్యాసాలు రాసి ఇల్లు నడిపారు. మొదటి పెళ్లి నిలవలేదు. శిష్యురాలు కేథరిన్‌తో కొత్త కాపురం పెట్టారు.

1894లో సంపాదకుడు డబ్ల్యు.ఇ. హెన్లీ ఆ పాత కథను మళ్లీ రాయమన్నారు. సెవెనోక్స్‌లో అద్దె గది. రాత్రి పొద్దుపోయేదాకా దీపం వెలుగుతుంటే ఇంటామె సణుగుడు. ఆరేళ్లుగా నలిగిన ఊహ ఆ గదిలో నవల అయింది. సీరియల్‌కు 100 పౌన్లు వచ్చాయి.

ఇంజనీరుగా నాకు ఆ యంత్రం కంటే దాని కింద ఉన్న లోకం ముఖ్యమనిపిస్తుంది. నవలలో పైన సుఖజీవులు, నేల అడుగున యంత్రాలు నడిపే జీవులు. వెల్స్ చిన్నప్పటి ఇంటి వంటగది నేల కిందే ఉండేది. తల్లి పనిచేసిన అప్‌పార్క్‌లో నౌకర్లు సొరంగాల గుండా వంటశాలకు వెళ్లేవారు. ఎనిమిది లక్షల ఏళ్ల తర్వాతి లోకాన్ని ఆయన కట్టింది తాను చూసిన మెట్ల కిందనుంచేనని నా నమ్మకం. కొట్టులోంచి ఎందుకు పారిపోయారో ఎందుకు రాశారో, రెండింటికీ జవాబు అదే.

తర్వాత మూడేళ్లలోనే 'ది ఇన్విజిబుల్ మ్యాన్', 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' వచ్చాయి. ఎంతోకాలం బతకడని ఒకప్పుడు అందరూ అనుకున్న మనిషి 1946 ఆగస్టు 13 దాకా, 79 ఏళ్లు జీవించారు.

మన ఊళ్లోనూ పదో తరగతితో ఆగిపోయి బట్టల దుకాణాల్లో, మందుల షాపుల్లో నిలబడుతున్న పిల్లలున్నారు. వాళ్లలో ఎవరు ఏమవుతారో మనకు తెలియదు. బయట్‌కూ తెలియదు. ఆయన చేసిందల్లా వచ్చిన ఉత్తరానికి జవాబివ్వడం, ఒక కుర్చీ చూపించడం. స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగాన్ని అలాంటి పిల్లలను వెతికి మళ్లీ బడిలో కూర్చోబెట్టడానికి కేటాయించాలని సంఘాన్నీ, గురువులనూ కోరుతున్నాను.