ఎలర్జీ అను మాటను కల్పించిన వైద్యుడు

నేడు పల్లెలలో సైతము ఎలర్జీ అను మాట నెరుగనివారు అరుదు. ఒడలు దురద పుట్టినను, తుమ్ములు విడువకున్నను, రొయ్యలు తిని ముఖము వాచినను మనవారు ఈ మాటనే వాడుదురు. భాష బోధించు మాబోటివారికి మాట వినబడినంతనే దాని పుట్టుక వెదకుట అలవాటు. చాల మాటలకు జన్మదినము దొరకదు. దీనికి దొరకును. 1906వ సంవత్సరము జులై 24వ తేదీన మ్యూనిచ్ నగరపు వైద్య వారపత్రికయందు ఇది మొదటిసారి అచ్చయినది. కల్పించినవాడు వియన్నా నగర శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. అప్పటికి ఆయనకు 32 ఏండ్లు.

పిర్కే 1874 మే 12న వియన్నా చెంతనున్న హిర్ష్‌స్టెట్టెన్‌లో ప్రభువంశమున జన్మించెను. మొదట మతశాస్త్రమును, పిదప బెల్జియములోని లూవెన్‌లో తత్త్వశాస్త్రమును చదివి, రెంటిని విడిచి వైద్యమునకు మరలెను. 1900లో గ్రాట్స్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, వియన్నా శిశువైద్యశాలలో ఎషెరిష్ ఆచార్యునికడ కుదిరెను.

ఆ దినములలో డిఫ్తీరియా అను గొంతువ్యాధి పసిబిడ్డల పాలిటి యముడు. ఆ వ్యాధివిషమును గుఱ్ఱమునకు కొద్దికొద్దిగా ఎక్కించి, దాని రక్తమునుండి తీసిన సీరమును బిడ్డలకు సూదిద్వారా ఇచ్చుచుండిరి. ప్రాణము నిలిచెడిది. కాని వారము పది దినములు గడచినంతనే కొందరికి జ్వరము, దద్దురులు, కీళ్లనొప్పులు పుట్టెడివి. పిర్కేయు, ఆయన సహచరుడు బేలా షిక్కును ఆ బిడ్డల మంచములకడ దినములు లెక్కించిరి. మొదటి సూది పిమ్మట అన్ని దినములకు వచ్చిన జబ్బు, కొంతకాలమునకు రెండవ సూది వేసినచో మరునాటికే, ఒక్కొక్కప్పుడు సూది తీసినంతనే వచ్చుచుండెను. సీరము మునుపటిదే. మరి మారినదేమి? బిడ్డ శరీరమే మారినది. మొదటి సూదికి బదులుగా రక్తములో యాంటీబాడీ అను ప్రతిరక్షకము తయారై కాచుకొని యున్నదనియు, రెండవ పర్యాయము అది సీరమును తాకుటవలననే జబ్బు కలిగెననియు పిర్కే గ్రహించెను. రక్షించుటకు పుట్టినదే బాధించుచున్నది! ఈ తలపును 1903లోనే ఒక లేఖలో వ్రాసి, ముద్రవేసి, వియన్నా శాస్త్ర పరిషత్తుకు అప్పగించెను. 1905లో షిక్కుతో కలిసి సీరము జబ్బునుగూర్చి గ్రంథము వెలువరించెను.

ఇట్లు మారిన శరీరస్థితికి పేరు కావలసివచ్చినది. గ్రీకుభాషలో అన్యము, క్రియ అను అర్థములుగల రెండు పదములను కూర్చి ఎలర్జీ అనెను. ఇచట మా భాషాభిమానము ఒక్క మాట చెప్పనిమ్మనుచున్నది. పిర్కే ఉద్దేశములో ఈ పదమునకు రెండు ముఖములు గలవు. టీకాలవలన శరీరము బలపడుటయు ఎలర్జీయే, దద్దురులు లేచుటయు ఎలర్జీయే. లోకము చెడుముఖమును మాత్రమే నిలుపుకొన్నది. కొందరు పండితులు ఈ క్రొత్తమాట అనవసరమని విసుగుకొనిరి. అంతకు నాలుగేండ్లు ముందు కుక్కలయందు ఇట్టి విపరీతమునే కనిపెట్టి వేరుపేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిషే 1913లో నోబెల్ బహుమానము పొందెను. పిర్కేకు అది దక్కలేదు.

1907లో ఆయన క్షయను గుర్తించు చర్మపరీక్షను ప్రకటించెను. ముంజేతిపై ట్యూబర్క్యులిన్ చుక్క వేసి, చర్మమును కొంచెము గీచి, మరునాడు ఎఱ్ఱని పొంగు లేచినదా యని చూచుటయే ఆ పరీక్ష. ఆరోగ్యముగా ఆడుకొను పెద్దపిల్లలలో పలువురకు సైతము పొంగు లేచుట ఆయన గమనించెను. క్షయక్రిమి ఎప్పుడో లోన ప్రవేశించెనని పొంగు చెప్పును. బిడ్డ నేడు రోగియని చెప్పదు.

పిమ్మట అమెరికాలో బాల్టిమోరునందును, జర్మనీలో బ్రెస్లావునందును కొలదికాలము ఆచార్యుడుగా నుండి, 1911లో వియన్నాకు మరలెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపుడు ఆ నగరపు బిడ్డలు ఎముకలగూళ్లయి యుండిరి. అమెరికావారు పంపిన ఆహారమును పంచు భారము పిర్కే వహించెను. ఒక గ్రాము పాలలోని పోషకబలమును కొలతగా గొని, బిడ్డ కూర్చున్నపుడు ఎంత ఎత్తుండునో దానినిబట్టి తిండి లెక్కగట్టెను. ఆ లెక్కను ఇతర వైద్యులు విడిచిపెట్టిరి. ఆ తిండి మాత్రము లక్షలకొలది బిడ్డల కడుపులు నింపినది. 1929 ఫిబ్రవరి 28న, 54వ యేట, ఆయనయు భార్యయు తమ ప్రాణములను తామే తీసికొనిరి.

ఎలర్జీకి మూలమైన ప్రతిరక్షకము ఆయన జీవించియుండగా ఎవరికిని చిక్కలేదు. దాని జాడ మాత్రము 1921లో తెలిసినది. బ్రెస్లావులో ప్రౌస్నిట్స్ అను వైద్యుడు, చేప పడని తన మిత్రుడు క్యూస్ట్నర్ సీరమును తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అచటనే చేపరసము ఎక్కించుకొనగా దద్దురు లేచెను. 1966, 67 సంవత్సరములలో అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిష్ అనువారును వేర్వేరుగా దానిని పట్టిరి. ఐజీఈ యని దానికి పేరు. రక్తములో దానిని కొలుచు పరీక్షయు స్వీడనులో 1967లోనే వెలువడినది.

మా పాఠశాలలో ఒక బాలికకు వేరుసెనగ పడదు. ఆమె రక్తపరీక్ష చీటిలో వేరుసెనగతోబాటు శెనగలకును, బఠాణీలకును గుర్తులు పడినవి. తల్లి భయపడి కందిపప్పుతో సహా అన్నిటిని మాన్పించినది. ఆ బిడ్డ చిక్కిపోవుట మేము కన్నులార చూచితిమి. ఇవన్నియు ఒక్క కుటుంబపు గింజలు. వానిలోని మాంసకృత్తులకు పోలిక యున్నది. ఒకదానికై పుట్టిన ప్రతిరక్షకము అన్నను తమ్ముడనుకొన్నట్లు మరియొకదానిని పట్టుకొనవచ్చును. రొయ్యలకును, ఇంటిదుమ్ములోని సూక్ష్మపురుగులకును ఇట్టి పోలికయే కలదు. పట్టుకొన్నంతనే తినినవారికి జబ్బు రావలెనని లేదు. మరియొక వైద్యుడు చీటి ప్రక్కనపెట్టి, శెనగలు తిన్నపుడు ఏమయినదని అడిగెను. ఏమియు కాలేదని తల్లి చెప్పినది. తన యెదుట కొంచెము కొంచెముగా తినిపించి చూచి, వేరుసెనగ ఒక్కటే కూడదని ఆయన వ్రాసియిచ్చెను. ఆ బాలిక నేడు పప్పన్నము తినుచున్నది.