పరాయి దేశాల్లో ధమ్మ పని: బాబాసాహెబ్, మాయీసాహెబ్



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు మన ఇండ్లల్లో గోడ మీద బుద్ధ భగవానుని ఫొటో ఉంటది, పక్కన బాబాసాహెబ్ ఉంటారు. కొందరిండ్లల్లో రమాబాయి తల్లి ఫొటో కూడా ఉంటది. మాయీసాహెబ్ ఫొటో మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. ఎందుకు లేదని అడిగితే పెద్దలు మాట మారుస్తరు. కానీ బాబాసాహెబ్ చివరి ఏండ్లలో ధమ్మం కోసం వేరే దేశాలు తిరిగిన సంగతి చెప్పాలంటే ఆమెను పక్కన పెట్టి చెప్పలేం. అందుకే ఈసారి ఇద్దరి గురించీ కలిపి రాస్తున్న.

రమాబాయి 1935లో చనిపోయింది. తర్వాత పదమూడేండ్లు ఆయన ఒంటరిగానే ఉన్నారు. రాజ్యాంగం రాసే పని నడుస్తుండగా ఒళ్ళు బాగా దెబ్బతిన్నది. షుగర్, కాళ్ళ నొప్పులు, రాత్రయితే నిద్ర లేదు. బొంబాయిలో డాక్టర్ మాల్వంకర్ దగ్గర చూపించుకునేటప్పుడు అక్కడ పనిచేసే డాక్టర్ శారదా కబీర్‌తో పరిచయం పెరిగింది. 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో పెండ్లి. ఆయనకు 57, ఆమెకు 39. శారద పేరు సవిత అయింది. మనోళ్ళు ఆమెను మాయీసాహెబ్ అన్నారు. ఆమె పుట్టింది సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో. ఆ ఒక్క సంగతి చాలామందికి గొంతులో ముల్లయింది. మందులు, ఇన్సులిన్, పథ్యం మాత్రం అన్నీ ఆమె చేతి మీదనే నడిచినయి.

1950 మే 25న ఇద్దరూ విమానంలో కొలంబో వెళ్ళారు. వెంట రాజ్‌భోజ్ ఉన్నారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి నాలుగు నెలలే, ఆయన ఇంకా న్యాయశాఖ మంత్రి. క్యాండీలో ప్రపంచ బౌద్ధుల మొదటి మహాసభ జరుగుతున్నది. తాను ప్రతినిధిగా రాలేదనీ, చూసి తెలుసుకోవడానికి వచ్చాననీ బాబాసాహెబ్ అక్కడ చెప్పారు. బౌద్ధుల ఆచారాలు ఎట్లున్నయి, ధమ్మం జనం బతుకులో ఉందా లేక పేరుకే మిగిలిందా అన్నది ఆయన చూడదల్చుకున్నారు. మనోళ్ళు సంబంధం చూడపోతే పిల్లను ఒక్కదాన్నే చూసొస్తరా? ఇల్లూ వాకిలీ, పశువుల కొట్టం దాకా చూస్తరు. ఆయన చూసిన తీరూ అదే. కొలంబో టౌన్‌హాల్లో మాట్లాడినప్పుడు అక్కడి అంటరానివాళ్ళు కూడా బుద్ధుని దారిలోకి రావాలని పిలుపిచ్చారు.

1954లో రెండుసార్లు రంగూన్ పోయారు. మొదటిది మే నెలలో, వైశాఖ పున్నమికి. రెండోది డిసెంబరులో, మూడో మహాసభకు. అప్పటికి ఆరోగ్యం చాలా చెడింది. ఆ సభలో మాట్లాడుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది, కండ్ల నీళ్ళు కారినయి. పండుగల అలంకారాలకు పోసే డబ్బులో కొంత ధమ్మ ప్రచారానికి పెట్టమని బౌద్ధ దేశాలను అడిగారు.

బర్మా బుద్ధ శాసన కౌన్సిల్‌కు ఆయన ఇచ్చిన మెమొరాండం మనం తప్పక తెలుసుకోవాలె. మామూలు జనం చదువుకునేటట్టు ఒకే పుస్తకంలో బుద్ధుని బోధ ఉండాలన్నారు. ఉపాసకులు కూడా ధమ్మంలోకి వచ్చేటప్పుడు దీక్ష తీసుకునే పద్ధతి కావాలన్నారు. ప్రచారకులను తయారుచేసే విద్యాలయం పెట్టాలన్నారు. ఇంకో మాట, ప్రచారకులుగా భిక్ఖులే ఉండనక్కర లేదు, సంసారులు కూడా ఉండొచ్చు, వాళ్ళకు జీతం ఇవ్వాలె. ఇల్లు విడిచి పోయినోళ్ళే ధమ్మం చెప్పాలనే అలవాటును ఆయన పక్కన పెట్టారు. ఇక మన దగ్గర సంగతి చూడండి. వందనకు అన్నలు వచ్చి ముందు కూసుంటరు, అక్కలు వంటింట్ల చాయ్ పెడుతుంటరు. నేను తిరిగిన ఊర్లల్లో సగానికి సగం ఇదే కత.

రంగూన్ నుంచి తెచ్చిన బుద్ధ విగ్రహాన్ని అదే డిసెంబరు 25న పుణె దగ్గర దేహూ రోడ్ విహారంలో ప్రతిష్ఠించారు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చంద్రమణి మహాథేరో దగ్గర ముందు ఆలుమగలిద్దరూ త్రిశరణ పంచశీలాలు తీసుకున్నారు. ఆ తర్వాతనే ఆయన లక్షల మందికి దీక్ష ఇచ్చారు. నెల తిరగకముందే నవంబరులో ఇద్దరూ కాఠ్మాండూ బయలుదేరారు, నాలుగో మహాసభకు. డాక్టర్ మాల్వంకర్ కూడా వెంట ఉన్నారు. ఒంట్లో సత్తువ లేకున్నా నవంబరు 20న బుద్ధుడా, కార్ల్ మార్క్సా అనే విషయం మీద మాట్లాడారు. లుంబిని చూశారు. తిరుగు దారిలో కాశీ, కుశినార చూసుకుని నవంబరు 30న ఢిల్లీ చేరారు. డిసెంబరు 6న బాబాసాహెబ్ పరినిర్వాణం చెందారు.

ఆ దుఃఖంలో మనోళ్ళే కొందరు మాయీసాహెబ్ మీద అనుమానపడ్డారు. ప్రభుత్వం విచారణ చేయించింది, సహజ మరణమే అని తేలింది. అయినా నింద పోలేదు. ఆమె ఏండ్ల తరబడి ఢిల్లీలో ఒంటరిగా బతికింది. 2003 మే 29న ముంబైలో చనిపోయింది.

'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' కోసం బాబాసాహెబ్ 1956లోనే ముందుమాట రాసిపెట్టారు. తన ఆయుష్షు ఇన్నాళ్ళు సాగడానికి తన భార్య, డాక్టర్ మాల్వంకర్ కారణమని, ఆ పుస్తకం పూర్తి చేయగలిగింది కూడా వాళ్ళ వల్లనే అని అందులో ఒప్పుకున్నారు. 1957లో పుస్తకం అచ్చయి బయటికొచ్చినప్పుడు ఆ ముందుమాట అందులో లేదు.